వశము తప్పిన వ్రేలు : రాబర్ట్ షూమన్ జీవితము

గానవిద్యలో కంఠమునకు ఎట్టి ప్రాధాన్యము గలదో, వాద్యవిద్యలో చేతికి అట్టి ప్రాధాన్యము గలదు. యాదగిరిగుట్టపై శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి సన్నిధిని సన్నాయి వాయించు విద్వాంసుని చూచినచో, ఆతని వ్రేళ్ళు రంధ్రములమీద తమంతట తామే కదలుచున్నట్లు తోచును. ఏ వ్రేలు ఎప్పుడు లేవవలెనో, ఏ వ్రేలు ఎప్పుడు మూయవలెనో ఆతడు ఆలోచింపడు. ఆలోచించినచో రాగము నిలిచిపోవును. ఏండ్ల తరబడి చేసిన సాధనచేత ఆ యెరుక మనస్సునుండి చేతికి దిగివచ్చినట్లుండును. పోచంపల్లి నేతగానికి నాడెయు, కంసాలికి సుత్తెయు, కరణమునకు కలమును ఇట్లే అలవడినవి.

ఇట్లు సాధనచే అలవడిన నేర్పునే చెరుచు వ్యాధి యొకటి కలదు. దానికి సాధారణముగ నొప్పి లేదు, వాపు లేదు, గాయము లేదు. చేయి అన్నము కలుపును, బొత్తాములు పెట్టును, బరువు లెత్తును. వాద్యముపై నుంచగనే ఒక వ్రేలు లోపలికి ముడుచుకొనిపోవును, లేదా ప్రక్క వ్రేలు బిగిసి పైకి లేచును. ఎంత గట్టిగా యత్నించిన అంతగా మొరాయించును. వైద్యులు దీనిని డిస్టోనియా అందురు. వ్రాయసకాండ్రకు వచ్చు చేతి బిగువు, పూర్వము తంతి గుమాస్తాలకు వచ్చిన చేతి బిగువు దీనికి దాయాదులు. వాద్యమును వృత్తిగా గొన్నవారిలో నూటికి సుమారు ఒక్కరు దీని పాలగుదురని నేటి వైద్యుల అంచనా.

ఈ వ్యాధి బారిన పడినట్లు నేడు పలువురు వైద్యులు భావించుచున్న వారిలో మిక్కిలి ప్రసిద్ధుడు జర్మనీ దేశీయుడగు రాబర్ట్ షూమన్. పియానో వాద్యమున ఐరోపాఖండమునకెల్ల మేటి కావలెనని బయలుదేరి, ఇరువదిరెండేండ్లకే ఆ యాశ వదలుకొని, ఆ పిమ్మట ప్రపంచ సంగీతమున స్థిరమైన స్థానము సంపాదించుకొన్న ఈతని చరిత్ర, సంగీతము నేర్చువారికే గాక ఏ విద్యనైనను పట్టుదలతో నేర్చు ప్రతివారికిని తెలియదగినది.

పుస్తకముల నడుమ బాల్యము

రాబర్ట్ షూమన్ 1810వ సంవత్సరము జూన్ 8వ తేదీన సాక్సనీ రాజ్యములోని జ్వికావ్ అను పట్టణమున జన్మించెను. అయిదుగురు సంతానములో ఇతడే కడపటివాడు. తండ్రి ఆగస్టు షూమన్ పుస్తక విక్రేత, ప్రచురణకర్త, స్వయముగ రచయిత. ఆంగ్లమునుండి బైరన్, వాల్టర్ స్కాట్ రచనలను జర్మను భాషలోనికి తెచ్చిన యుత్సాహి. సామాన్యులు కొనగల చిన్న ప్రతులుగా గొప్ప గ్రంథములను అచ్చువేయుట ఆయన వ్యాపారములో నొక భాగము. కావున ఈ బాలునకు పుస్తకముల కొరత యెన్నడును లేకుండెను. 1825లో, అనగా తన పదునైదవ యేట, తోడి విద్యార్థులను గూర్చుకొని జ్వికావులో నొక సాహిత్య సంఘమును స్థాపించెను. కవిత్వమా, సంగీతమా యను డోలాయమానస్థితి ఆ నాటినుండియే ఆతని మనస్సును పట్టియుండెను.

సంగీతమున పుత్రునకు గల అభిరుచిని గుర్తించి ప్రోత్సహించినవాడు తండ్రియే. కాని 1826లో ఆయన మరణించెను. అంతకు కొలది కాలము ముందు అక్క ఎమిలీ ఆత్మహత్య చేసికొనెను. ఈ దుఃఖములు ఆ బాలుని హృదయమున లోతైన గుర్తులు విడిచినవి. తల్లి తన కడగొట్టు బిడ్డ న్యాయవాదియై నిశ్చింతగా బ్రదుకవలెనని కోరెను. ఆమె మాట త్రోసివేయజాలక అతడు 1828లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమునందును, 1829లో హైడెల్బెర్గునందును న్యాయశాస్త్రమునకు పేరు వ్రాయించుకొనెను. పేరు పాఠశాలలోను, మనస్సు పియానోపైనను ఉండెను.

పియానో హార్మోనియమువలె మీటలు గల వాద్యము. కాని దీనిలో గాలి లేదు. మీట నొక్కగనే లోపలి చిన్న సుత్తి తంత్రిని కొట్టి నాదము పుట్టించును. పది వ్రేళ్ళును పనిచేయవలెను. ఏ వ్రేలు బలహీనమైనను ఆ స్వరము తడబడును.

నిర్ణయము

1830 ఏప్రిల్ 11వ తేదీ ఈస్టరు పండుగనాడు షూమన్ ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున పగనీని అను ఇటలీ విద్వాంసుని వయొలిన్ కచేరీ వినెను. మనుష్యమాత్రునకు అసాధ్యమని తోచు చమత్కారములను వయొలిన్‌పై చూపి ఐరోపానంతయు మంత్రముగ్ధ మొనర్చిన వాడు పగనీని. ఆ కచేరీ యువకుని సందేహములను తీర్చివేసెను. అదే జూలై మాసమున తల్లికి దీర్ఘమైన లేఖ వ్రాసి, న్యాయశాస్త్రము విడిచి సంగీతమునకు అంకితము కాగోరుచుంటినని విన్నవించుకొనెను. ఆమె లైప్‌జిగులోని ప్రసిద్ధ పియానో గురువు ఫ్రెడరిక్ వీక్ సలహా నడిగెను. వీక్ ధైర్యము చెప్పెను. క్రమశిక్షణకు లోబడినచో మూడేండ్లలో అతనిని ఆ నాటి పియానో విద్వాంసులలో అగ్రగణ్యునిగా చేయుదునని మాట యిచ్చెను.

ఆ యేటి శరత్కాలమున షూమన్ లైప్‌జిగ్ చేరి గురుగృహముననే నివాసమేర్పరచుకొనెను. వీక్ కుమార్తె క్లారాకు అప్పటికి పదునొకండేండ్లు. ఆ వయస్సుననే ఆ బాలిక సభలలో పియానో వాయించి పెద్దల మెప్పులు పొందుచుండెను. ఇరువదియేండ్ల శిష్యుడు పదునొకండేండ్ల గురుపుత్రికను చూచి, తాను ఆలస్యముగ బయలుదేరితినని తొందరపడుట సహజము. కోల్పోయిన కాలమును సాధనచే పూడ్చవలెనని దినమునకు అనేక గంటలు మీటలపై వ్రేళ్ళను నడిపించెను.

సాధనయే చేటు

అరచేతిని బల్లపై నాన్చి, నడిమివ్రేలిని లోనికి ముడిచి, ఉంగరపువ్రేలిని మాత్రము పైకెత్త యత్నించినచో అది యెంత కష్టమో ఎవరికైనను తెలియును. ఆ వ్రేళ్ళను ఎత్తు స్నాయువులు చేతి వెనుకభాగమున ఒకదానితో నొకటి ముడిపడియున్నవి. ఇది ప్రకృతి సిద్ధము, దోషము కాదు. కాని ఆ కాలపు పియానో సాధకులు పలువురు దీనిని దోషముగ నెంచి, వ్రేళ్ళనన్నిటిని సమబలముగను, స్వతంత్రముగను చేయుటకు కొయ్యతోను, తీగలతోను పలువిధములైన యంత్రములను కల్పించిరి.

1831 శరత్కాలమున వీక్ కుమార్తెను వెంటబెట్టుకొని పారిస్ వరకు కచేరీయాత్ర వెడలి, 1832 వసంతాంతము వరకు తిరిగిరాలేదు. గురువు కనిపెట్టి చూచుట లేని ఆ కాలమున షూమన్ అట్టి యంత్ర మొకటి వాడుకలోనికి తెచ్చెను. తన దినచర్యలో దానిని చుట్ట యంత్రమని పేర్కొనెను. వ్రేలిని చేతి వెనుకకు లాగిపట్టి తక్కిన వ్రేళ్ళచే వాయించునట్లు చేయుట దాని పని యని, ఆతని వైద్యమిత్రుడు రాయిటర్ తరువాత వ్రాసి యిచ్చిన పత్రమువలన తెలియుచున్నది. వీక్ కూడ 1853లో ప్రకటించిన గ్రంథమున, ఒక ప్రసిద్ధ శిష్యుడు తన యిష్టమునకు విరుద్ధముగ, తనకు తెలియకుండ వ్రేళ్ళను హింసించు యంత్రమును వాడెనని పేరు చెప్పకయే ఎత్తిపొడిచెను.

అయితే చేటు యంత్రముతోనే మొదలైనదనుట సరికాదు. హైడెల్బెర్గులో నున్నపుడే, 1830లోనే, వ్రేలు మొద్దుబారుచున్నట్లు అతడు దినచర్యలో వ్రాసికొనెను. వ్రేలు సరిగా లేచుట లేదని సాధన హెచ్చించెను. సాధన హెచ్చినకొలది వ్రేలు మరింత మొరాయించెను. ఈ సుడిలో 1832 వేసవినాటికి కుడిచేతి నడిమివ్రేలు వశము తప్పెను.

వైద్యములు

ఆ నాటి వైద్యులు తెలిసిన యుపాయములన్నియు ప్రయోగించిరి. చేతిని సారాయితో కడిగిరి, మూలికలతో కట్లు కట్టిరి, విద్యుత్తు ప్రసరింపజేసిరి. అప్పుడే వధించిన పశువుయొక్క వెచ్చని ప్రేగులలో చేయి నుంచు జంతుస్నాన మను చికిత్సయు జరిగెను. సుకుమార హృదయుడగు ఆ యువకునకు ఇది మిక్కిలి జుగుప్స కలిగించెను. పిదప హోమియోపతి వైద్యమును ఆశ్రయించెను. దేనివలనను గుణము కనబడలేదు. 1832 నవంబరు మాసమున తల్లికి వ్రాసిన లేఖలో, చేయి బాగుపడునను ఆశను తాను వదలుకొంటినని తెలియజేసెను. మూడేండ్లలో అగ్రగణ్యుని చేయుదునని గురువు చెప్పిన గడువు ఇంకను పూర్తి కాకముందే ఆ త్రోవ మూసికొనిపోయెను.

కలము పట్టిన చేయి

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి యున్నది. మీటలపై మొరాయించిన ఆ చేయియే కలము పట్టి చక్కగా వ్రాయగలిగెను. ఆ చేతితోనే షూమన్ తన శేషజీవితమున వందలకొలది పుటల స్వరలేఖనమును, సంగీత విమర్శలను, లేఖలను, దినచర్యలను వ్రాసెను.

స్వరరచనను ఆతడు చేయి చెడకముందే ఆరంభించెను. హైన్రిక్ డోర్న్ అను ఆచార్యునియొద్ద 1831-32లలో స్వరరచనాశాస్త్రమును అభ్యసించెను. మొదటి కృతి 1831లోను, పాపియోన్స్ అను రెండవ కృతి 1832లోను అచ్చుపడినవి. అదివరకు రెండవదిగా నున్న ఆ పని ఇప్పుడు మొదటిదయ్యెను. 1834 ఏప్రిల్ 3వ తేదీన మిత్రులతో గలిసి లైప్‌జిగునుండి నూతన సంగీత పత్రిక నొకదానిని వెలువరించి, పదియేండ్లు దానిని నడపెను. డంబమునకును చేతివాటమునకును గాక భావమునకు విలువ నిచ్చు సంగీతము నిలువవలెనని ఆ పత్రిక పోరాడెను. పోలండు దేశపు యువకుడు షోపేను, ఆ పిమ్మట బ్రామ్స్‌ను, లోకమునకు తొలుత పరిచయము చేసిన విమర్శకులలో షూమన్ ముఖ్యుడు. 1839లో వియన్నా నగరమున, అంతకు పదియేండ్ల క్రితము గతించిన షూబర్టుయొక్క అన్నగారింట మూలబడియున్న మహాసింఫనీ వ్రాతప్రతిని కనుగొని వెలికి తెచ్చుటయు ఆతని చలువయే. అది ఆ సంవత్సరముననే మెండెల్సన్ ఆధ్వర్యమున లైప్‌జిగులో వినిపింపబడెను.

ఇన్ని చేసినను చేతిని గూర్చిన దుఃఖము తీరలేదు. 1838లో క్లారాకు వ్రాసిన లేఖలో, తనలో సంగీతము సిద్ధముగ నున్నను వాయింపబోయిన ఒక వ్రేలు మరియొక వ్రేలికి అడ్డుపడుచున్నదని వాపోయెను. చేయి బాగున్న తన రచనలను తానే లోకమునకు వినిపింపగలిగెడివాడు గదా యను వెలితి ఆతనిని విడువలేదు.

క్లారా

ఆ వెలితిని తీర్చినది క్లారాయే. ఆమె యౌవనవతి యైన పిమ్మట ఇరువురును పరస్పరము అనురక్తులైరి. వీక్ మండిపడెను. స్థిరమైన సంపాదన లేని స్వరకర్తకు, దేశదేశముల పేరుగన్న తన కుమార్తె నిచ్చుటకు ఆయన సమ్మతింపలేదు. షూమన్ త్రాగుబోతని న్యాయస్థానమున ఆరోపించెను, ఆరోపణ నిలువలేదు. 1840 ఆగస్టులో న్యాయస్థానము వివాహమునకు అనుమతి నిచ్చెను. సెప్టెంబరు 12వ తేదీన, క్లారాకు ఇరువది యొక్క యేండ్లు నిండుటకు ఒక్క దినము ముందు, లైప్‌జిగ్ చెంతనున్న షెనెఫెల్డ్ గ్రామమున వివాహము జరిగెను.

ఆ యొక్క సంవత్సరముననే షూమన్ నూటికి పైగా పాటలు కూర్చెను. మరుసటి యేడు మార్చిలో ఆతని మొదటి సింఫనీని మెండెల్సన్ లైప్‌జిగులో నడిపెను. 1845 డిసెంబరులో డ్రెస్డెన్ నగరమున ఆతని పియానో కాన్సర్టో తొలిసారి వినిపింపబడినపుడు పియానో వాయించినది క్లారా. ఎనమండుగురు బిడ్డలను కని, ఇల్లు నడుపుచునే ఆమె భర్త రచనలను నగర నగరమునకు కొనిపోయెను. ఆతని చేయి చేయలేని పనిని ఆమె చేతులు చేసినవి. అయినను ఇంటిలో నొకరు వ్రాయుచుండగా మరియొకరు పియానో సాధన చేయుట వీలుగాక, ఆమె సాధన తరచు వెనుకబడుచుండెను. భర్త వ్రేలు చెడుటవలన కలిగిన భారమును ఆమెయు మోసెననుట న్యాయము.

వ్యాధి యేది?

షూమన్ చేతిని గూర్చి కథలు చాల పుట్టినవి. స్నాయువును కోయించుకొనెనని కొంద రనిరి. దానికి ఆధారము లేదు. 1971లో ఎరిక్ సామ్స్ అను ఆంగ్ల పండితుడు, వేరొక వ్యాధికి పాదరస చికిత్స చేయించుకొనుటచే చేయి చెడెనని వాదించెను. 2005లో హానోవర్ నగరమునకు చెందిన వైద్యుడును, వేణువాద్యకారుడును నగు ఎకార్ట్ ఆల్టెన్‌ముల్లర్, ఇది వాద్యకారులకు వచ్చు డిస్టోనియాయే యని కారణములు చూపెను. బాధ నొప్పి కాదు, వశము తప్పుట. పియానోపై మాత్రము కనబడినది. వ్రాతకు ఆటంకము లేకుండెను. అతిసాధనకాలమున వచ్చి, సాధన హెచ్చినకొలది హెచ్చినది. రోగి గతించి నూరేండ్లు దాటిన పిమ్మట చేసిన నిర్ణయము గాన వాదము పూర్తిగా తెగలేదు. అయినను దినచర్యలలోని వివరములకు ఇది తక్కిన వాటికంటె చక్కగా సరిపోవుచున్నది.

ఈ వ్యాధికి మూలము వ్రేలిలో లేదు. వ్రేలిని నడుపు మెదడులో నున్నది. మెదడునందు ఒక్కొక్క వ్రేలికి ఒక్కొక్క చోటు కలదు. పక్కపక్కనున్న పొలములకు గట్లు ఉన్నట్లు వాని నడుమ హద్దులు కలవు. రెండు వ్రేళ్ళను ఒకే వేగముతో ఎడతెగక వేలమారులు నడిపినచో, కొందరిలో ఆ గట్లు చెదరి ఒకదానిలో నొకటి కలిసిపోవును. అప్పుడు ఒక వ్రేలికి పంపిన ఆజ్ఞ ప్రక్క వ్రేలికిని పోవును. 1990వ దశాబ్దిలో మెదడును పరీక్షించు క్రొత్త సాధనములచే ఈ సంగతి కనుగొనబడెను. ఒకే సాధన చేసిన పదిమందిలో అందరికిని ఇది రాదు. పుట్టుకతో వచ్చు గుణమును, తప్పు పడరాదను అతిపట్టుదలయు, భయమును దీనికి తోడ్పడునని వైద్యులందురు. ఈ పట్టుదల, భయము రెండును షూమనులో నిండుగ నుండెను.

నేడు బిగిసిన కండరములోనికి బొటులినమ్ అను మందును స్వల్పముగ సూదిద్వారా ఎక్కించి సడలించుటయు, వ్రేళ్ళకు మొదటినుండి మెల్లగా తిరిగి నేర్పుటయు చికిత్సలు. అమెరికా దేశపు పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్ కుడిచేయి 1960వ దశాబ్ది నడుమ ఇట్లే వశము తప్పెను. ఆయన ఎడమచేతి రచనలు వాయించుచు, శిష్యులకు నేర్పుచు మూడు దశాబ్దములు గడిపి, ఈ చికిత్సలచే 1990లలో రెండు చేతులతో తిరిగి సభ కెక్కెను. ఈ సదుపాయము షూమనునకు లేకపోయెను.

తుది దినములు

1850లో షూమన్ డ్యూసెల్డార్ఫ్ నగర సంగీతాధికారి యయ్యెను. మితభాషియు, అంతర్ముఖుడును అగుటచే వాద్యబృందమును నడుపుటలో చిక్కులు పడెను. యౌవనమునుండి అప్పుడప్పుడు పీడించుచుండిన మనోవ్యాధి ముదిరెను. 1854 ఫిబ్రవరి 27వ తేదీన రైన్ నదిలో దుమికెను. పడవవాండ్రు రక్షించిరి. తన కోరికమీదనే బాన్ నగర సమీపమందలి ఎండెనిఖ్ చికిత్సాలయమున చేర్చబడి, రెండేండ్లకు పైగా నచ్చట గడపి, 1856 జూలై 29వ తేదీన నలువదియారవ యేట కన్నుమూసెను. వైద్యులు వలదనుటచే అంతవరకు రాలేకపోయిన క్లారా, కడపట రెండు దినముల ముందు మాత్రమే ఆతనిని చూడగలిగెను. ఆమె ఆ పిమ్మట నలువది సంవత్సరములు జీవించి, భర్త రచనలను వాయించుచు, నేర్పుచు, వాని సమగ్ర సంపుటములను బ్రామ్స్ సాయముతో పరిష్కరించి ప్రకటించుచు 1896లో పరమపదించెను. ఎండెనిఖ్‌లోని ఆ భవనము ఇప్పుడు షూమన్ స్మారకమును, సంగీత గ్రంథాలయమును అయి యున్నది.

పిల్లలకు విడిచిన మాట

1848లో పెద్దకూతురు మారీ యేడవ పుట్టినదినమున కని మొదలుపెట్టి, షూమన్ బాలబాలికలకు 43 చిన్న రచనల సంపుటమును కూర్చెను. దానికి తోడుగా, సంగీతము నేర్చువారికి కొన్ని సూత్రములు వ్రాసి 1850లో అచ్చొత్తించెను. వానిలో స్వరవరుసలను శ్రద్ధగా సాధింపుమని చెప్పుచునే, దినమంతయు వ్రేళ్ళను యంత్రమువలె త్రిప్పుటతోనే విద్య వచ్చునని భ్రమపడువారిని, అక్షరమాలను నానాటికి మరింత త్వరగా చదువజూచు వారితో పోల్చెను. నాదము లేని మూగమీటల పలకలపై సాధన చేయుట నిష్ప్రయోజనమనెను. వ్రేళ్ళు మనస్సు చెప్పినట్లు నడువవలెనే గాని, మనస్సు వ్రేళ్ళు చెప్పినట్లు నడువరాదనెను. తన చేతిని గూర్చి ఆ సూత్రములలో నొక్క మాటయైన చెప్పలేదు. కాని ఇరువదేండ్ల క్రితము గదిలో నొంటరిగ చుట్ట యంత్రముతో కుస్తీపట్టిన యువకుడే ఆ మాటల వెనుక నున్నాడని తెలిసినవారికి వాని బరువు తెలియును.

సాధన లేక విద్య రాదు. ఇది మన పెద్దలు చెప్పినదే. మితము లేని సాధన విద్యను మ్రింగును. ఇది షూమన్ చరిత్ర చెప్పుచున్నది. వీణయో, వయొలినో, తబలాయో నేర్చు బాలుడు తన వ్రేలు మాట వినుటలేదని మొర పెట్టుకొన్నపుడు, సోమరియని గద్దించి ఇంకొక గంట కూర్చుండబెట్టుట గురువునకుగాని, తల్లిదండ్రులకుగాని తగదు. చేతికి విరామ మిప్పింపవలెను. వాద్యమును పట్టు తీరు చూడవలెను. తగ్గనిచో నరముల వైద్యునకు చూపవలెను. షూమన్ చేయి మొరపెట్టినపుడు, ఆ మొర ఆలకింపుమని చెప్పువారు ఆతని దాపున లేకపోయిరి.